తిరిగొచ్చే దారి: సేనల ఉపసంహరణపై ఒక సైనికుడి మాట



శ్రీలంకలో భారత శాంతి సేనలో పనిచేస్తూ ప్రాణం విడిచిన ఒక జవాను జ్ఞాపకార్థం మనం ఇక్కడ కలిశాం. వేదిక మీద పేరు చెప్పవద్దని, ఫొటో పెట్టవద్దని ఆ కుటుంబం కోరింది. వాళ్ళ మాట మన్నించి నేరుగా విషయంలోకి వస్తాను. యుద్ధానికి పంపిన సేనను వెనక్కి పిలవాలా, వద్దా అన్న చర్చ వచ్చినప్పుడు ఆ సేనలో ఉన్న మనిషికి ఏమనిపిస్తుందో చెప్పమని నిర్వాహకులు అడిగారు. నేను చరిత్రకారుణ్ణి కాను. పదాతి దళంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. శాంతి సేనలో కుర్ర ఆఫీసరుగా ఉన్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. సేన ఉండాలా, రావాలా అన్నది తేల్చే అధికారం సైనికుడి చేతిలో ఉండకూడదు. కానీ మనం వచ్చేస్తే అక్కడ ఎవరు దిక్కులేనివాళ్ళవుతారో అందరికంటే ముందు తెలిసేది అతనికే. ఆ సంగతి కనుక్కోకుండా ఢిల్లీ తీసుకునే నిర్ణయం, ఉండమన్నదైనా రమ్మన్నదైనా, సగం నిర్ణయమే.

ఖడ్గ తిక్కన ఇంట్లో

వెనుదిరగడం గురించి మనవాళ్ళకు చిన్నప్పుడే తెలిసే కథ ఖడ్గ తిక్కనది. నెల్లూరు మనుమసిద్ధి సేనాని. పశువుల మేత పుల్లరి దగ్గర మొదలైన తగాదా కాటమరాజుతో యుద్ధం దాకా పోయింది. తిక్కన యుద్ధం మధ్యలో ఇంటికొచ్చాడు. స్నానానికి నీళ్ళు పెట్టిన భార్య మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద కూడా ఉంచిందట, ఆడవాళ్ళకు ఉంచినట్టు. తల్లి విరిగిన పాలు పోసిందట. తిక్కన రోషంతో తిరిగి వెళ్ళి ప్రాణం ఇచ్చాడు. ఈ కథను పౌరుషానికి పాఠంగా చెప్పుకుంటూ వచ్చాం.

నాకు మాత్రం యూనిఫాం వేసుకున్నాక ఈ కథ వేరేగా వినబడటం మొదలైంది. అందులో భార్యకు మాట ఉంది, తల్లికి మాట ఉంది. ఎందుకొచ్చావని అడిగినవాళ్ళు ఆ ఇంట్లో కనబడరు. బలగం తరిగిపోయిందా? మళ్ళీ కూడగట్టుకుని వెళదామని వచ్చాడా? మేత పుల్లరి కోసం ఇంతమంది చావాలా అనిపించిందా? రణరంగం చూసొచ్చింది అతనొక్కడే. చూడనివాళ్ళు తీర్పు చెప్పేశారు. ఆ పద్ధతి తిక్కన కాలంతో పోలేదు. ఈ రోజు టీవీ స్టూడియోల్లో కూర్చుని సైన్యం వెనక్కి వస్తే దేశం పరువు పోతుందనేవాళ్ళు చేస్తున్నది ఆ విరిగిన పాలు పోయడమే.

బెజవాడ ముందే ఎదుర్కొన్న ప్రశ్న

పోరాడుతున్నవాళ్ళను వెనక్కి పిలవాలా అన్న మథనం ఈ ఊరికి కొత్త కాదు. 1948 నుంచి 1951 దాకా ఇక్కడి కమ్యూనిస్టు నాయకత్వం ఆ మథనంలోనే గడిపింది. అప్పుడు పోరాడుతున్నవి సర్కారు సేనలు కావు, తెలంగాణలో నిజాం మీద తిరగబడ్డ గెరిల్లా దళాలు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక ఎగసిన ఆ పోరాటానికి కృష్ణా జిల్లా వెన్నుదన్నుగా నిలిచింది. నందిగామ, జగ్గయ్యపేట సరిహద్దు ఊళ్ళు, నిజాం రాజ్యం మధ్యలో కృష్ణా జిల్లా ముక్కగా ఉన్న మునగాల పరగణా దళాలకు ఆసరా ఇచ్చాయి. రజాకార్ల దాడులకు ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు బెజవాడలో తలదాచుకున్నారు. దాని ఖరీదు డెల్టా కూడా కట్టింది. 1949లో కాటూరు, యలమర్రు గ్రామాల మగవాళ్ళను పోలీసులు బట్టలు విప్పించి నడిపించిన ఉదంతం ఈ జిల్లాలో పెద్దవాళ్ళెవరూ మరిచిపోలేదు.

1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. ఇక ఎదురుగా ఉన్నది భారత సైన్యం. రావి నారాయణరెడ్డి వంటివారు ఆయుధాలు దించాలన్నారు. చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, పుచ్చలపల్లి సుందరయ్య వంటి ఆంధ్ర నాయకులు కొనసాగించాలన్నారు. తగవు తేలక 1951 మొదట్లో నలుగురు నాయకులు మాస్కో వెళ్ళి స్టాలిన్‌ను కలిశారు. డాంగే, అజయ్ ఘోష్ కాక మిగతా ఇద్దరూ ఈ డెల్టా బిడ్డలే: మంగళాపురం రాజేశ్వరరావు, రేపల్లె వైపు నుంచి వచ్చిన బసవపున్నయ్య. చైనా గెరిల్లాలకు ఉన్నటువంటి వెనుక స్థావరం మీకు లేదని స్టాలిన్ ఎత్తిచూపాడు. ఏ సైన్యంలోనైనా సుబేదారు అడిగే మొదటి మాట అదే: మన వెనక ఏముంది?

1951 అక్టోబరు 21న విరమణ పిలుపు వచ్చింది. సుందరయ్య తన పుస్తకంలో ఇచ్చిన లెక్క ప్రకారం అప్పటికి సుమారు 4,000 మంది చనిపోయారు. 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచారు. విరమణ సరైనదా, ఆలస్యమైందా, ద్రోహమా అన్నదాని మీద పార్టీలు ఈనాటికీ వాదించుకుంటున్నాయి. నేను ఆ వాదంలోకి దిగను. దళంలో తుపాకీ పట్టిన మనిషి వైపు నుంచి చూస్తే ఆ మనిషి భయం స్పష్టం. దొర గడీకి తిరిగొస్తే, ఆ దొర భూమిలో నాగలి కట్టిన రైతును ఎవరు కాస్తారు? భూములు రైతుల దగ్గరే ఉంచాలి, ఖైదీలను వదలాలి, కేసులు ఎత్తేయాలి అన్న కోరికలకు గట్టి హామీ రాకుండానే పోరాటం ముగిసింది. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లకు కొంత కాపు ఇచ్చింది. కొన్ని భూములు నిలిచాయి, చాలా భూములు చేజారాయి.

ఇక దళాల్లో తిరిగిన ఆడవాళ్ళ సంగతి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదవండి. తుపాకీ పట్టిన చేతులను ఇక ఇంటికి వెళ్ళి వంట చూసుకోమన్నారు. విరమణ తర్వాత ఆ ఆడవాళ్ళు ఏమవుతారన్న ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్ళు నాకు కనబడలేదు. సేన వెనక్కి వచ్చేటప్పుడు కోల్పోయేవాళ్ళ జాబితా ఎప్పుడూ రెండు చోట్ల ఉంటుంది. ఒకటి మనం వదిలి వచ్చిన ఊళ్ళో. రెండోది తిరిగొచ్చినవాళ్ళ ఇళ్ళల్లో.

పని మారింది, ఆర్డరు మారలేదు

ఇప్పుడు నేను చూసిన యుద్ధం. 1987 జూలై 29న కొలంబోలో మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశారు. మొదట వెళ్ళిన 54వ పదాతి డివిజన్ సికింద్రాబాదుది. కాబట్టి ఈ యుద్ధానికి తెలుగు గడ్డ మీది కంటోన్మెంటు నుంచే బయల్దేరాం. మాకు చెప్పిన పని: శ్రీలంక సైన్యానికి, తమిళ మిలిటెంట్లకు మధ్య నిలబడటం, ఆ మిలిటెంట్లు అప్పగించే ఆయుధాలు తీసుకోవడం. జాఫ్నాలో మాకు పూలదండలు వేశారు. అక్టోబరు రెండో వారానికి అదే జాఫ్నాలో, ఆ మిలిటెంట్లలో ఒక దళమైన టైగర్లతో (ఎల్‌టీటీఈ) యుద్ధం మొదలైంది. అక్టోబరు 11 రాత్రి జాఫ్నా యూనివర్సిటీ ఆవరణలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిఖ్ లైట్ ఇన్‌ఫంట్రీ ప్లాటూన్‌లో 30 మందికి 29 మంది చనిపోయారు, ఒకరు పట్టుబడ్డారు.

నా తరం ఆఫీసర్లకు మింగుడుపడనిది ఆ ఓటమి కాదు. మధ్యవర్తులుగా వెళ్ళినవాళ్ళం ఎవరితో, ఎందుకు, ఎప్పటిదాకా యుద్ధం చేయాలో చెప్పే కొత్త కాగితం మాకు అందలేదు. మద్రాస్ రెజిమెంట్ పటాలాల్లో తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ జవాన్లు కలిసే ఉంటారు. అటువైపు వైర్‌లెస్‌లో వినబడే భాష ఇటు ప్లాటూన్‌లో కొందరి ఇంటి భాష. ఇక ఆ నేల, తాటిచెట్లు, ఉప్పు గాలి, ఇసుక దారులు, దివిసీమ వాడికి కొత్తగా అనిపించవు. ఇంటికి రాసే ఇన్‌లాండ్ లెటర్‌లో ఇవేవీ రాయకూడదు. ఇంట్లోవాళ్ళకు తెలిసిన అడ్రసు కేరాఫ్ 56 ఏపీఓ, అంతే.

పనికి హద్దు ఉన్నప్పుడు సైన్యం ఎలా ఉంటుందో ఈ డెల్టాకు తెలుసు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమకు సహాయానికి వచ్చిన సైనికులను మా ఊళ్ళు ఇప్పటికీ తలుచుకుంటాయి. శవాలు తీయాలి, దారులు వేయాలి, తిండి అందించాలి. ఆ పని అయ్యాక వెళ్ళిపోయారు. వాళ్ళను ఉండమనాలా, పొమ్మనాలా అన్న చర్చే రాలేదు. శ్రీలంకలో మేము నాలుగు డివిజన్ల దాకా పెరిగాం. ఏ రోజు ఏం సాధిస్తే పని అయినట్టో మాత్రం మాలో ఎవరికీ తెలియదు.

తేదీ చెప్పిన రోజు

1989 జూన్ మొదట్లో శ్రీలంక కొత్త అధ్యక్షుడు ప్రేమదాస మన సేన జూలై నెలాఖరుకల్లా వెళ్ళిపోవాలని బహిరంగంగా అన్నాడు. ఆ సమయంలో మన విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావు. సెప్టెంబరులో గడువు మీద ఒప్పందం కుదిరింది. ఆ నవంబరు ఎన్నికల్లో రాజీవ్ ప్రభుత్వం ఓడిపోయింది. వి.పి. సింగ్ నేషనల్ ఫ్రంట్ ప్రభుత్వం మిగిలిన సేనను రప్పించింది. ఆ ఫ్రంట్ చైర్మన్ నిమ్మకూరు బిడ్డ ఎన్.టి. రామారావు. వెళ్ళమన్నాక బేరాలాడిన మంత్రి తెలుగువాడు, రప్పించిన ఫ్రంట్ పెద్ద తెలుగువాడు. ఇది మనకు సంబంధం లేని చరిత్ర అనడానికి లేదు.

వెళ్ళే తేదీ ప్రకటించాక పికెట్‌లో ఏం జరుగుతుందో సివిల్ ప్రపంచానికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మొదట కబురు ఆగిపోతుంది. నిన్నటిదాకా ఫలానా కల్వర్టు కింద మందుపాతర పెట్టారని చెప్పిన మనిషి ఈ రోజు తల తిప్పుకుని వెళ్ళిపోతాడు. అతని తప్పేమీ లేదు. మనం పోతాం, అతను ఉండాలి. కబురు లేకపోతే రోడ్డు క్లియర్ చేసే పార్టీ చీకట్లో నడిచినట్టే. రెండోది, జవాన్ల మనసు మారుతుంది. నిన్నటి పెట్రోలింగ్‌కు అర్థం ఉందో లేదో కానీ రేపటి పెట్రోలింగ్‌కు లేదని అందరికీ తెలిసిపోతుంది. సెలవు కాగితం జేబులో ఉన్నవాణ్ణి అంబుష్‌కు ఎలా పంపుతారు? పంపాలి. పంపకపోతే మిగతా పోస్టు మొత్తం ప్రమాదంలో పడుతుంది. మూడోది, ఎదుటివాడి లెక్క. తూటాలు దాచుకుని మనం పోయేదాకా ఆగుతాడు, లేదా మేమే తరిమాం అని చెప్పుకోవడానికి చివరి వారంలో కాలుస్తాడు.

అందుకే ముందుకు వెళ్ళడం కంటే వెనక్కి రావడం కష్టమని ఏ సుబేదారు మేజరైనా చెబుతాడు. పోస్టులు ఒక్కసారిగా ఎత్తేయకూడదు, పలచన చేసుకుంటూ రావాలి. బయటికి మాత్రం నిండుగా ఉన్నట్టే కనబడాలి. దారి పట్టుకుని ఉండే చివరి కంపెనీకి ఎవరూ కాపు ఉండరు. 1990 మార్చి 24న ఆఖరి దళం ట్రింకోమలి రేవు వదిలేదాకా ఈ పని జరిగింది. దాన్ని మా సైన్యం బాగా చేసింది. ఇది గొప్పకు చెప్పడం లేదు. ఉపసంహరణ అంటే పారిపోవడమే అనేవాళ్ళు ఆ పని ఒక్కసారి దగ్గరుండి చూడాలి.

పోయినవాళ్ళ పేరు చెప్పి

ఉపసంహరణకు అడ్డంగా వచ్చే వాదాల్లో గుండెకు బలంగా తగిలేది ఒకటి: ఇంతమంది ప్రాణాలిచ్చాక ఇప్పుడు వచ్చేస్తే వాళ్ళ త్యాగం వృథా కాదా? శ్రీలంకలో మనవాళ్ళు సుమారు 1,200 మంది చనిపోయారు. ఇవాళ మనం తలుచుకుంటున్న జవాను అందులో ఒకడు. కాబట్టి ఈ మాట ఈ సభలో జాగ్రత్తగా అనాలని నాకు తెలుసు.

1,200 మంది పోయారని ఇంకో 1,200 మందిని పంపితే మొదటివాళ్ళ రుణం తీరదు, రుణదాతలు రెట్టింపవుతారు. పోయినవాడు ఆ రోజు ఆర్డరు పాటించాడు, పక్కనున్న తోటి జవాన్లను కాపాడాడు. అతని విలువ అక్కడే పూర్తయింది. తర్వాత యుద్ధం గెలిచినా ఓడినా అది పెరగదు, తరగదు. ప్రభుత్వం తన నిర్ణయాన్ని సమర్థించుకోవడానికి అతని పేరు వాడుకుంటే నేను ఒప్పుకోను. యుద్ధం తప్పు కాబట్టి అతనికి దండ వేయనంటే అదీ ఒప్పుకోను. ఆఖరి దళం మద్రాసు రేవులో దిగినప్పుడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి రాలేదు. తమిళుల మీద తుపాకీ ఎక్కుపెట్టిన సేన అన్న కోపం అక్కడ నిజంగా ఉంది. తమిళ పౌరులు మా చేతుల్లో నష్టపోయిన మాట దాచేది కాదు. కానీ ఆ కోపం పంపినవాళ్ళ మీద చూపాల్సింది. ఓడ దిగుతున్న జవాను మీద కాదు.

వదిలొచ్చినవాళ్ళు

చనిపోయినవాళ్ళ గురించి మనం చాలా మాట్లాడతాం. బతికున్నవాళ్ళను మరిచిపోతాం. మన అండతో 1988 నవంబరులో ఈశాన్య ప్రాంతీయ మండలికి ఎన్నికలు జరిగాయి. టైగర్లకు ప్రత్యర్థి అయిన తమిళ సంస్థ ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ నుంచి వరదరాజ పెరుమాళ్ ముఖ్యమంత్రి అయ్యాడు. మనం వచ్చేస్తామని తెలిశాక అతని ప్రభుత్వాన్ని నిలబెట్టడానికి తమిళ జాతీయ సేన పేరిట కుర్రాళ్ళను చేర్చుకున్నారు. చాలామందిని బలవంతంగా లాక్కొచ్చి చేర్చారు. చేతికి తుపాకీ ఇచ్చి మనం ఓడ ఎక్కాం. మనం పోస్టులు ఖాళీ చేస్తున్న కొద్దీ టైగర్లు వాళ్ళను తుడిచిపెట్టారు. ప్రేమదాస ప్రభుత్వమే టైగర్లకు ఆయుధాలు ఇచ్చిన కాలమది. 1990 మార్చిలో పెరుమాళ్ ఇండియాకు వచ్చేశాడు. జూన్ 19న ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ నాయకుడు పద్మనాభను టైగర్లు మద్రాసు నగరంలోనే చంపారు. ఆ జూన్‌లోనే టైగర్లు, శ్రీలంక ప్రభుత్వం మళ్ళీ యుద్ధంలోకి దిగారు. 1991 మే 21 సాయంత్రం విశాఖపట్నం నుంచి విమానంలో బయల్దేరిన రాజీవ్ గాంధీ ఆ రాత్రి శ్రీపెరంబుదూరులో టైగర్ల బాంబుకు బలయ్యారు. 1993 మే 1న ప్రేమదాస కూడా వాళ్ళ బాంబుకే బలయ్యాడు.

మా కంపెనీకి దుబాసీగా ఉన్న కుర్రాడు నన్ను అడిగిన మాట ఒకటుంది. "సార్, మీ ఓడలో నాకు చోటుందా?" నా దగ్గర జవాబు లేదు. జవాబు చెప్పే అధికారం నాకు లేదు. అధికారం ఉన్నవాళ్ళ చెవిన ఆ ప్రశ్న పడే దారీ లేదు. సైనికుడి అభిప్రాయం అని నేనంటున్నది ఇదే. వ్యూహాల మీద నా అభిప్రాయం మీకు అక్కర్లేదు. ఆ కుర్రాడి ప్రశ్న మీకు కావాలి.

ఇది మన ఒక్కరి కథ కాదు. 1989 ఫిబ్రవరి 15న సోవియట్ సేన అఫ్గానిస్తాన్ వదిలింది. తర్వాత కూడా మాస్కో ఆయుధాలు, సరుకులు పంపుతూ ఉండటంతో అక్కడి అధ్యక్షుడు నజీబుల్లా 1992 ఏప్రిల్ దాకా నిలిచాడు. 2021లో అమెరికా సేన పూర్తిగా కదలకముందే, ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది. దుబాసీలు విమానాశ్రయం గేటు దగ్గర కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. రెండుసార్లూ సేన వెళ్ళిపోయింది. వెళ్ళాక ఏం మిగల్చాలన్న ఆలోచనలోనే తేడా. డెల్టా రైతుకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు: సాగునీటి కాలువ తవ్వినప్పుడే మురుగు కాలువ తవ్వకపోతే, నీళ్ళు వచ్చిన చేనే చౌడు బారుతుంది.

ఎవరు మాట్లాడాలి

పనిలో ఉన్న సైనికుడు పత్రికలతో మాట్లాడకూడదు. సైనికుల ప్రాథమిక హక్కులకు పరిమితి పెట్టే అధికారాన్ని రాజ్యాంగం 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. ఆ కట్టుబాటు నాకు సమ్మతమే. తుపాకీ ఉన్నవాడు రాజకీయం మాట్లాడిన పొరుగు దేశాల గతి చూస్తూనే ఉన్నాం. ఈ మౌనం వల్ల జరిగే నష్టం కూడా చూడాలి. శాంతి సేన గురించి దీపిందర్ సింగ్, హర్‌కీరత్ సింగ్, సర్దేశ్‌పాండే వంటి జనరల్స్ రాసిన పుస్తకాలు అన్నీ అయిపోయాక వచ్చాయి. అవి కూడా జనరల్స్ రాసినవి. హవల్దారు రాసింది నా కంటపడలేదు.

అమెరికాలో వియత్నాం యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1971 ఏప్రిల్‌లో, అక్కడ పోరాడి వచ్చిన జాన్ కెర్రీ సెనేట్ కమిటీ ముందు కూర్చుని యుద్ధం ఆపమన్నాడు. రెండేళ్ళకు, అధ్యక్షుడు సేనలను దింపితే 60 రోజుల్లో కాంగ్రెస్ అనుమతి తీసుకోవాలన్న చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని అధ్యక్షులు ఎంత గౌరవించారన్నది వేరే సంగతి. మనకు అలాంటి చట్టమే లేదు. అయినా పార్లమెంటు నోరు విప్పితే ఫలితం ఉంటుందని 2003 చూపించింది. ఇరాక్ యుద్ధాన్ని లోక్‌సభ ఆక్షేపించిన ఏడాదే, అక్కడికి మన సేనను పంపమన్న అమెరికా కోరికను వాజపేయి ప్రభుత్వం జూలైలో కాదంది. సేనను వెనక్కి పిలవాల్సిన అవసరమే రాకుండా చేసిన నిర్ణయం అది.

కాబట్టి నేను కోరేవి కొత్తవేమీ కావు. సేనను సరిహద్దు దాటించే ముందు పని ఏమిటో, ఏది జరిగితే ఆ పని అయినట్టో పార్లమెంటు ముందు పెట్టాలి. పని మారితే మళ్ళీ చెప్పాలి. తిరిగి రప్పించే ప్రణాళికలో, మనతో నిలబడ్డ స్థానికులకు ఏం చేస్తామో మొదటి పేజీలోనే రాయాలి. క్షేత్రం నుంచి వచ్చినవాళ్ళను, ర్యాంకు చూడకుండా, పార్లమెంటు స్థాయీ సంఘం మూసిన తలుపుల వెనక వినాలి. రహస్యాలు బయటపడతాయన్న భయం ఉండదు, ఆ కుర్రాడి ప్రశ్న ఢిల్లీకి చేరుతుంది.

1990లో రావాల్సిందేనా అని సభ తర్వాత నన్ను అడుగుతారు, అందుకే ఇప్పుడే చెబుతున్నాను. రావాల్సిందే. ఏ దేశంలో ఉన్నామో ఆ దేశం పొమ్మన్నాక శాంతి సేనగా ఉండటం కుదరదు. అసలు 1987 అక్టోబరులో పని మారినప్పుడే ఆగి, ఉండాలా రావాలా అని దేశం తేల్చుకుని ఉండాల్సింది. అలా తేల్చుకోకపోవడం వల్ల రెండున్నరేళ్ళు యుద్ధం చేశాం. చివరికి వచ్చినప్పుడు, మన మాట నమ్మినవాళ్ళను వాళ్ళ శత్రువుకు అప్పగించి వచ్చాం. వచ్చామని నాకు సిగ్గు లేదు. అలా వచ్చామన్నదే బాధ.

ఈ జిల్లా నుంచి, ఈ రాష్ట్రం నుంచి పిల్లలు ఇప్పుడు కూడా రిక్రూట్‌మెంట్ ర్యాలీలకు వెళుతున్నారు. వాళ్ళను ఎక్కడికి, ఎందుకు పంపుతున్నారో అడిగే స్వేచ్ఛ యూనిఫాం వేసుకున్నాక వాళ్ళకు ఉండదు, మీకు ఉంటుంది. మీ ఎంపీ ఓటు అడగడానికి వచ్చినప్పుడు అడగండి. వాళ్ళ తరఫున అడగాల్సిన బాధ్యత సివిలియన్లదే.